ఎడపిల్ల

ఈ మధ్య రాయడం బొత్తిగా మానేశావేం అని అడిగిన నలుగురైదుగురు మిత్రులకి ఒకటే సమాధానం. మా ఇంట్లో ఇద్దరున్నారు. ఇద్దరికీ తేడా పద్నాలుగు నెలలు. ఇంతకంటే వివరణ ఇస్తే సాకులు చెప్తున్నట్టు ఉంటుంది.

మా చిట్టి 2022 ఆగస్టులో పుట్టింది. బుజ్జిగాడు 2023 అక్టోబరులో. "కావాలనే ఇలా ప్లాన్ చేసుకున్నారా?" అని ఆఫీసులో ఒకరిద్దరు మొహమాటపడుతూ అడిగారు. లేదు మహాప్రభో! రెండు వారాల స్ప్రింటే సరిగ్గా ప్లాన్ చెయ్యలేని వాణ్ణి, పిల్లల్ని ప్లాన్ చేస్తానా. రెండోసారి పరీక్షకి వెళ్ళినప్పుడు డాక్టరుగారు మా ఇద్దర్నీ కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూసి, ఒక కాన్పుకీ ఆ తర్వాతి గర్భానికీ మధ్య కనీసం 24 నెలలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుందని, అది తల్లి ఒంట్లో రక్తం, బలం తిరిగి కూడడానికని, ఆ మాట పదో తరగతి చదవనివాళ్ళకి కూడా తను రోజూ చెప్తూనే ఉంటానని అన్నారు. మేం తలలు వంచుకుని విన్నాం. మా ఆవిడ బయటికొచ్చాక "తిట్లు ఇద్దరికీ, ఐరన్ మాత్రలు మాత్రం నాకు" అంది.

చుట్టాల సంగతి వేరు. "పోన్లే, ఒక్కసారే పెరిగిపోతారు, పనైపోతుంది" అన్నారు అందరూ, అదేదో రాత్రిపూట బ్యాచ్ జాబ్ పెట్టి పొద్దున్న లేచి ఫలితం చూసుకున్నట్టు. ఈ మాట అనేవాళ్ళు రెండు రకాలు. పెంచనివాళ్ళు, పెంచి మర్చిపోయినవాళ్ళు.

ఆ మొదటి మూణ్ణెల్లూ ఎలా గడిచాయో నాకు సరిగ్గా గుర్తు కూడా లేదు. గుర్తున్నవి చెప్తా. హాల్లో దూలం లేదు కాబట్టి కిటికీ ఊచకీ ఫ్యాన్ కొక్కేనికీ కాకుండా, ఇనుప స్టాండు కొనుక్కొచ్చి దానికి మా అత్తగారి పాత నేత చీర కట్టిన ఉయ్యాల. అల్మరాలో పై అరలో చిన్న సైజు డైపర్లు, కింది అరలో పెద్ద సైజు డైపర్లు, అర్ధరాత్రి నా చేతికి ఎప్పుడూ తప్పుడువే వచ్చేవి. స్టవ్ మీద ఒకవైపు సీసాలు మరుగుతుంటే ఇంకోవైపు చిట్టికి గుజ్జన్నం. ఇహ రాత్రిళ్ళు చూడాలి. చిట్టి పాలకోసం లేస్తుంది. పాలు కలపాలంటే చేతిలో ఉన్న బుజ్జిగాణ్ణి దించాలి. దించితే వాడు ఏడుస్తాడు. వాడు ఏడిస్తే అప్పటికి సగం నిద్రలో ఉన్న చిట్టి పూర్తిగా లేస్తుంది. ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో డెడ్‌లాక్ గురించి పదహారు మార్కుల ప్రశ్నకి రెండు పేజీలు రాశాను గానీ, అదేమిటో నాకు అర్థమైంది మాత్రం మియాపూర్‌లో మా వంటింట్లో రాత్రి రెండున్నరకి.

నవ్వుకునే విషయాలు పక్కన పెడితే, ఒక రాత్రి మాత్రం ఇప్పుడు తల్చుకున్నా చేతులు చల్లబడతాయి. ఆ డిసెంబరులో చిట్టికి పదహారు నెలల టీకాలు, బుజ్జిగాడికి పది వారాల టీకాలు ఒకేసారి వచ్చాయి. రెండుసార్లు సెలవు ఎందుకని ఇద్దరికీ ఒకేరోజు వేయించేశాం (తెలివి!). రాత్రికి ఇద్దరికీ జ్వరం. పారాసెటమాల్ సీసాలు రెండూ టేబుల్ మీదే ఉన్నాయి. చంటిపిల్లల చుక్కల మందులో మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములు ఉంటుంది. దానికి ఇచ్చే సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 120. అంటే చిన్న పిల్లల కోసమని చిన్న సీసాలో ఉన్న మందే నాలుగు రెట్లు చిక్కన. నేను లైటు వేస్తే ఉయ్యాల్లోవాడు లేస్తాడని ఫోన్ వెలుతురులో గరాటు మూతలో అయిదు మిల్లీలీటర్లు కొలుస్తున్నాను, చిట్టి కోసం. సీసా చిన్నదేంటి అని నాకు తట్టలేదు. మా ఆవిడ ఎందుకు లేచిందో తెలీదు, వెనకనుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఏవండీ, అది వాడిది." ఒక్కమాటే. నేను చేతిలో ఉన్నదంతా సింకులో పారబోసి అక్కడే కింద కూర్చుండిపోయాను. తెల్లారి చిన్న సీసాకి ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టాం, దాన్ని ఫ్రిజ్ మీదికి మార్చాం. ఎవరికెప్పుడు ఎంత ఇచ్చామో తలుపు మీద కాగితంలో రాయడం మొదలుపెట్టాం. ప్రొడక్షన్ సర్వర్ మీద ఏ ఆదేశం ఇచ్చినా ఇద్దరు చూడాలని ఆఫీసులో నియమం పెట్టించింది నేనే. ఇంట్లో పెట్టుకోవాలని తట్టలేదు.

సెలవుల గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. మా ఆవిడకి 26 వారాల సెలవు వచ్చింది. 2017 సవరణకి ముందైతే 12 వారాలే. రెండో కాన్పుకి కూడా అంతే వస్తుంది గానీ, అంతకుముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు పని చేసి ఉండాలి. మొదటి సెలవు అయిపోయి మళ్ళీ చేరి ఎనిమిది నెలలైంది కాబట్టి సరిపోయింది. నాకు వచ్చింది అయిదు రోజులు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికైతే తండ్రికి 15 రోజులిస్తారు. ప్రైవేటులో అసలివ్వాలని చట్టమే లేదు, ఇచ్చిందే మహాప్రసాదం. ఆరో రోజు పొద్దున్న తొమ్మిదిన్నరకి నేను కాల్‌లో "యస్, ఐ కెన్ సీ యువర్ స్క్రీన్" అంటున్నాను. నిజానికి నాకు ఏదీ కనిపించట్లేదు.

సరే, అసలు నేను చెప్పాలనుకున్నది ఇది కాదు.

జనవరికల్లా చిట్టి మారిపోయింది. పదిహేడు నెలల పిల్ల. గబగబా నడిచేది, "కాకి", "బువ్వ", "మెట్టో" (మెట్రో రైలన్నమాట) అని పాతిక మాటలు చెప్పేది. మాటలు తగ్గిపోయాయి. నడవకుండా ఎత్తుకోమనేది. తమ్ముడు లేనప్పుడు ఉయ్యాల ఎక్కి ముడుచుకుని పడుకునేది, కాళ్ళు బయటికి వేలాడుతూ. రాగిజావ పెడితే మొహం తిప్పుకుని ఉగ్గుగిన్నె చూపించేది. డాక్టరు దగ్గర తూకం వేస్తే నెలలో నాలుగు వందల గ్రాములు తగ్గింది. ఆ వయసులో అది చిన్న విషయం కాదు.

మేమేం చేశామో చెప్పనా? తిట్టాం. మా నోట ఊతపదం ఒకటే, "పెద్దదానివి కదమ్మా!" తమ్ముడి మీద చెయ్యేస్తే పెద్దదానివి కదా. పాలసీసా అడిగితే పెద్దదానివి కదా. రాత్రి లేచి ఏడిస్తే పెద్దదానివి కదా. ఒకరోజు లాప్‌టాప్ లాగేస్తుంటే నేను గట్టిగా అరిచాను, అదే మాట. అది ఏడవలేదు. వెళ్ళి గోడవైపు తిరిగి కూచుంది. వీపు చూస్తే ఎంతుందని, జానెడు. ఇంట్లో ఇంకొకడు లేకపోతే దాన్ని అందరూ చంటిపిల్ల అనేవాళ్ళు. వాడు పుట్టిన రోజున, ఆసుపత్రిలో ఒక్క పూటలో, దానికి పెద్దరికం కట్టబెట్టేశాం.

సంక్రాంతి వెళ్ళాక మా అమ్మ పాలకొల్లు నుంచి వచ్చింది. అంతవరకూ ఉన్న మా అత్తగారు మోకాళ్ళ నొప్పులతో వెళ్ళిపోయారు. అమ్మ వచ్చిన రెండో రోజే చిట్టిని ఒళ్ళో వేసుకుని జుట్టులో వేళ్ళు పెట్టి చూస్తూ "ఎడపిల్ల కదరా, బెంగెట్టుకుంది" అంది.

ఎడపిల్ల అన్న మాట నేను అదే వినడం. చంటిబిడ్డకి ముందు పుట్టిన బిడ్డట. అమ్మ చెప్పేదాకా దానికొక పేరుందని తెలీదు. మనవాళ్ళు దానికి పేరు పెట్టారంటే ఆ బిడ్డకేదో అవుతుందని ఎప్పుడో గమనించే ఉంటారు కదా. నాకున్న రోగం ప్రకారం ఆ రాత్రి కూర్చుని వెతికాను. వెతుకుతూ వెతుకుతూ ఎక్కడో తేలాను. క్వాషియార్కర్ గుర్తుందా? ఎనిమిదో తరగతి సైన్సులో, పొట్ట ఉబ్బిన పిల్లాడి బొమ్మ, మాంసకృత్తుల లోపం, రెండు మార్కులు. ఆ మాట ఆఫ్రికాలో ఇప్పటి ఘనా దేశపు గా భాషలోది. అర్థం, తర్వాతి బిడ్డ పుట్టినప్పుడు ముందు బిడ్డకొచ్చే జబ్బు. అక్కడ పనిచేసిన సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు 1930ల్లో దాన్ని గుర్తించి, కొత్త పేరేదీ పెట్టకుండా అక్కడి తల్లులు వాడే మాటనే 1935లో లాన్సెట్ పత్రికలో రాసింది. రొమ్ము నుంచి తప్పించిన పిల్లకి పాల బదులు ఉత్త గంజి లాంటి తిండి మాత్రం మిగిలితే ఏమవుతుందో ఆ తల్లులకి తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను తార్నాకలో హాస్టల్లో ఉండేవాణ్ణి. జాతీయ పోషకాహార సంస్థ గోడ పక్కనుంచి రోజూ వెళ్ళేవాణ్ణి. అది 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకి వచ్చింది. ఇలాంటి పిల్లల జబ్బుల మీద దశాబ్దాలు పనిచేసింది. నాకు మాత్రం ఆ గోడంటే బస్సు కోసం నిలబడ్డానికి నీడ.

మా పిల్లకి ఆ జబ్బు లేదండీ, కంగారు పడకండి. మాకు గుడ్లకీ పప్పుకీ లోటు లేదు. డాక్టరుగారు కూడా రక్త పరీక్ష చేయించి, ఏమీ లేదు, తిండి కాదు దానిక్కావాల్సింది, రోజుకో అరగంట దానితో మాత్రమే ఎవరో ఒకరు ఉండండి, ఆ అరగంటలో చిన్నవాడి పేరెత్తకండి అన్నారు. తర్వాతి నెల మళ్ళీ తూకానికి రమ్మన్నారు. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో దీన్ని స్టార్వేషన్ అనే అంటాం. ఎక్కువ ప్రాధాన్యం ఉన్న ప్రాసెస్‌లు వస్తూనే ఉంటే, తక్కువదానికి వంతు ఎప్పటికీ రాదు. దానికి విరుగుడు, ఎదురు చూసిన కొద్దీ దాని ప్రాధాన్యం పెంచుకుంటూ పోవడం. పుస్తకంలో దాన్ని ఏజింగ్ అంటారు. మేం సరిగ్గా తిరగేసి చేశాం. ఎంత ఎదురు చూస్తే అంత పెద్దదైపోయిందని వంతు వెనక్కి నెట్టాం.

అరగంట అనగానే సులువనిపిస్తుంది. రెండు ఉద్యోగాలు, ఒక చంటివాడు ఉన్న ఇంట్లో అరగంట ఎక్కణ్ణుంచి వస్తుంది? మా ఆవిడ ఏప్రిల్లో మళ్ళీ చేరాలి. యాభైమంది పైన ఉద్యోగులుంటే పిల్లల్ని చూసుకునే చోటు ఏర్పాటు చెయ్యాలని అదే చట్టంలో ఉంది. వాళ్ళ కంపెనీలో విచారిస్తే, ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక ప్లేస్కూల్‌కి పది శాతం తగ్గింపు కూపన్ ఇచ్చారు. నాన్న అక్కడ పాలకొల్లులో ఒక్కరే, షాపు కట్టేసి చెయ్యి కాల్చుకుంటున్నారు. అమ్మ వచ్చి నెల కావస్తోంది, వెళ్ళాలి.

అప్పుడు అమ్మే అంది. "దీన్ని నేను తీసుకెళ్తాన్రా. ఓ ఆర్నెల్లు. మీరు చిన్నాణ్ణి చూసుకోండి. పెరడుంది, దూడుంది, రోజూ గుళ్ళోకి తిప్పుతాను, నాలుగు మెతుకులు తింటుంది."

నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆవిడ ఏమీ అనలేదు. రాత్రి పడుకున్నాక "మీకెలా అనిపిస్తే అలా" అంది. ఆ మాటకి అర్థం ఏమిటో పెళ్ళైన వాళ్ళకి చెప్పక్కర్లేదు. అయినా నేను అర్థం కానట్టే నటించి, నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో అమ్మకి కింది బెర్తు చేశాను. అయిదేళ్ళ లోపు పిల్లలకి రైల్లో టికెట్ అక్కర్లేదు కదా. కాబట్టి చిట్టి పేరు ఎక్కడా లేదు, ఒక్క టికెట్టే.

ప్రయాణానికి రెండు రోజుల ముందు, ఆదివారం, అమ్మ బెండకాయలు తరుగుతోంది. దాని బట్టలు ఏవేవి సర్దాలో మాట్లాడుకుంటున్నాం. నేను మాటవరసకి "అది మమ్మల్ని మర్చిపోదు కదా" అని నవ్వాను. అమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే చెప్పింది.

మా తమ్ముడికీ నాకూ పదమూడు నెలలు తేడా. అది నాకు తెలుసు. తమ్ముడు పుట్టినప్పుడు నన్ను అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఉంచారని తెలుసు. ఏదో నెలో రెండు నెలలో అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఏడాదిన్నర. అమ్మకి కాన్పు తర్వాత ఒంట్లో బాగోలేదు, నాన్న కొత్తగా షాపు పెట్టారు, వీలు పడలేదు. 1998లో తమ్ముణ్ణి ఎత్తుకుని నన్ను తీసుకెళ్ళడానికి వస్తే, నేను అమ్మమ్మ కుచ్చిళ్ళ వెనక్కి వెళ్ళిపోయి రాలేదట. ఎవర్రా వచ్చింది అని అమ్మమ్మ అడిగితే, వేలు చూపించి "తమ్ముడు వాళ్ళమ్మ" అన్నానట.

"ఇంటికి తీసుకొచ్చాక కూడా చాన్నాళ్ళు అలాగే పిలిచావు. తమ్ముడు వాళ్ళమ్మా, నీళ్ళు. తమ్ముడు వాళ్ళమ్మా, లాగు విప్పు. వీధిలో అందరూ నవ్వేవాళ్ళు" అంది అమ్మ. నవ్వడం అయిపోయింది. బెండకాయలు తరుగుతూనే ఉంది. "నేనూ నవ్వేదాన్ని."

నాకిదేమీ గుర్తు లేదు. ఒక్క ముక్క గుర్తు లేదు. కానీ మా తమ్ముడు అమ్మతో గొడవ పడతాడు, అలుగుతాడు, ఫోన్ పెట్టేస్తాడు, మళ్ళీ వాడే చేస్తాడు. నేను ఎప్పుడూ అమ్మతో గొడవ పడలేదు. నన్ను చూసి అందరూ బుద్ధిమంతుడనేవాళ్ళు. రెంటికీ సంబంధం ఉందో లేదో నాకు తెలీదు, ఉందని అనడం కూడా తప్పేమో. అమ్మని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. ఇరవై మూడేళ్ళకి ఇద్దరు పిల్లలతో, పంపు లేని ఇంట్లో ఆవిడ చేసింది నేను ఏసీ గదిలో కూర్చుని లెక్క కట్టలేను. పాలకొల్లంటేనే పాలకోసం ఏడ్చిన పిల్లాడి కథ. ఉపమన్యుడు పాలడిగితే శివుడు పాలసముద్రాన్నే తెప్పించాడంటారు, అందుకే క్షీరారామం. అందరికీ ఆ సౌకర్యం ఉండదు.

కాసేపాగి "చిట్టిని పంపనమ్మా" అన్నాను. అమ్మ తలెత్తకుండానే "నేనూ అదే అనుకుంటున్నాను రా" అంది. అలా అనుకునే ఆ కథ చెప్పిందో, చెప్పాక అనుకుందో అడగలేదు. టికెట్ రద్దు చెయ్యాల్సిన పని కూడా లేదు. ఉన్న ఒక్క టికెట్టూ అమ్మదే.

తర్వాతంతా కష్టంగానే గడిచింది, అబద్ధమెందుకు. మా ఆవిడ మూడు నెలలు జీతం లేని సెలవు పొడిగించింది. ఆ మూడు నెలల ఈఎంఐ మా తమ్ముడు కట్టాడు. నేను మేనేజరుతో మాట్లాడి సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర క్యాలెండరులో అడ్డం పెట్టేశాను. మీటింగ్ పేరు "సి సింక్". సి అంటే క్లయింటని అందరూ అనుకున్నారు, నేను కాదనలేదు :-) ఆ అరగంట నేనూ చిట్టీ కిందికి దిగి రోడ్డు దాకా వెళ్ళి మెట్రో వంతెన కింద నిలబడేవాళ్ళం. రైలు వస్తే "మెట్టో". పోతే మళ్ళీ ఇంకోటి వచ్చేదాకా ఎదురు చూడటం. వేరే ఏమీ చేసేవాళ్ళం కాదు. మొదటి వారం అది నా భుజం మీద తల పెట్టి పడుకునేది అంతే. రెండో వారం కిందికి దించమంది. మార్చి తూకానికి పోయిన నాలుగు వందలూ వచ్చి ఇంకో నూట యాభై పెరిగింది. ఆ "పెద్దదానివి కదా" మాట మానుకోవడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. నోట్లోంచి వచ్చినప్పుడల్లా డబ్బాలో పది రూపాయలు వెయ్యాలని మా ఆవిడ పెట్టిన షరతు. ఆ డబ్బుతో దానికి మూడు చక్రాల సైకిల్ వచ్చింది, అందులో ముప్పావు వంతు నాదే.

ఇప్పుడు దానికి మూడు దాటాయి, వీడికి రెండు దాటాయి. వాళ్ళిద్దరికీ ఒక భాష ఉంది, మాకు రాదు. ఒకే రంగు గ్లాసులు రెండు కొంటే ఏ గ్లాసు ఎవరిదని కొట్టుకుంటారు. వేరే రంగులు కొంటే ఇద్దరికీ ఎర్రదే కావాలి. మొన్న పాలకొల్లు వెళ్ళాం, నలుగురం. అమ్మ అరుగు మీద కూర్చుని ఇద్దర్నీ చెరో తొడ మీద వేసుకుంది. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే "నువ్వెక్కడ కూర్చుంటావురా, చోటు లేదు" అని నవ్వుతూనే, బుజ్జిగాణ్ణి ఒక పక్కకి జరిపింది.

ఇది రాస్తూ గడియారం చూడలేదు. పక్క గదిలో ఇద్దరూ పది నిమిషాల నుంచి చప్పుడు చెయ్యట్లేదు. వెళ్ళి చూసొస్తాను.